మా మావ ఆ రోజు తాగలేదు

విజయనగరంలో కొందరు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఊళ్లోని పాత సినిమా హాలుకి దసరాకి రావలసిన రంగుల బొమ్మ రాకుండా పోయిందనీ, దానికి కారణం ఆపరేటరు మధ్యాహ్నం ఆటకే పీకలదాకా తాగి మిషను దగ్గర నిలబడడమనీ, బొమ్మ తెర మీద ఈత కొట్టిందనీ. చెప్పేవాళ్లు ఆ ఈత చేత్తో ఆడించి మరీ చూపిస్తారు. వినేవాళ్లు నవ్వుతారు. కిందటి నెల ఆ హాలు పడగొడుతుంటే చూడ్డానికి వెళ్లిన నలుగురైదుగురం రోడ్డవతల టీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. అక్కడ ఈ కథ మళ్లీ వచ్చింది. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆ ఆపరేటరు మా అమ్మ తమ్ముడు. ఆయన ఆ రోజు తాగలేదు. ఏ రోజూ తాగలేదు. ఆయన తాగి ఉంటాడన్న మాట మొదట అన్నవాణ్ణి నేనే. ఈ సంగతి ఇరవై అయిదేళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అరవయ్యో దశకం చివర్లో నేను విజయనగరంలో బీఎస్సీ చదివేవాణ్ణి. మాది గరివిడి అవతల పల్లె. వరి, గోగు పండించే ఇల్లు. కాలేజీకి దగ్గర్లో ఒక గది అద్దెకి తీసుకుని, ఊళ్లో పేరున్న ఒక ప్లీడరు గారి అబ్బాయితో స్నేహం కట్టాను. అతని స్నేహం నాకు పెద్ద గౌరవం. వాళ్లింట్లో కుర్చీల మీద కూర్చుని మాట్లాడుకునేవారు. మా ఇంట్లో కుర్చీయే లేదు.

ఆ రోజుల్లో మా స్నేహితులందరికీ నేనొక విషయంలో పెద్దమనిషిని. ఏ బొమ్మ ఏ హాల్లో చూడాలి అన్నది నన్ను అడిగేవారు. ఊళ్లో అప్పటికి చెప్పుకోదగ్గ హాళ్లు రెండు. ఒకటి ఎప్పుడో నాటకాల కోసం కట్టి తర్వాత సినిమాకి మార్చిన పాత హాలు. రెండోది కొత్తగా కట్టిన సిమెంటు హాలు. మంచి బొమ్మ ముందు ఒక దాంట్లో ఆడి, నెలో రెండు నెలలో పోయాక రెండో దాంట్లోకి వచ్చేది. ఇప్పుడే చూసెయ్యాలా, ఆగాలా, లేకపోతే శ్రీకాకుళం బస్సెక్కి అక్కడే చూసి రావాలా అన్నది మా కుర్రాళ్లకి పరీక్షల కన్నా పెద్ద సమస్య. నేను తీర్పు చెప్పేవాణ్ణి. మాటలు బాగా రాసిన బొమ్మయితే పాత హాలు వచ్చేదాకా ఆగండి, కొత్త హాల్లో గోడలకి మాట తగిలి రెండుసార్లు వినిపిస్తుంది. రంగుల బొమ్మయితే కొత్త హాలు, అక్కడ వెలుగు ఎక్కువ. పాత హాల్లో కూర్చుంటే తెరకీ వెనక గోడకీ మధ్య దూరాన్ని మూడు వంతులు చేసి రెండో వంతు చివర కూర్చోవాలి, అదీ నడిమధ్యన. వెనక వరసలో ఎడమ చేతి మూల కుర్చీలో మాత్రం కూర్చోకూడదు, అక్కడ కూర్చునేవాడికి సినిమా చూడ్డం రాదని లెక్క. ఇలా చెబుతుంటే వాళ్లు నోరు తెరుచుకుని వినేవారు. ఇవన్నీ నీకెలా తెలుసురా అంటే, లైబ్రరీలో ఇంగ్లీషు పత్రికలు చదువుతానని చెప్పేవాణ్ణి.

ఒక్క పత్రికా చదవలేదు. అన్నీ మా మావ నేర్పినవే.

మావ పాత హాల్లో ఆపరేటరు. బజారు వెనక రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాడు. ఆదివారం పొద్దున్న వాళ్లింటికి వెళితే అత్త గిన్నెడు చోడి అంబలి, అంటే రాగి జావ, పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పక్కన పెట్టేది. అది తాగాక మావ నన్ను హాలుకి తీసుకెళ్లేవాడు. ఖాళీ హాల్లో నిలబెట్టి చప్పట్లు కొట్టమనేవాడు. చప్పట్లు టక్కున ఆగిపోతే మంచి హాలు, సాగితే చెడ్డ హాలు. ఆ హాలు గోడలకి జూట్ మిల్లు గోనె గుడ్డ కొట్టించింది ఆయనే. ఓనరు ఒప్పుకోకపోతే, ఒక గోడకి కొట్టి చూపించి ఒప్పించాడట. మిషనులో రెండు కార్బన్ కడ్డీలు ఒకదానికొకటి ఎదురుగా మండుతాయి. వాటి మధ్య దూరాన్ని చేత్తో సర్దుతూ ఉండాలి. ఏమరిస్తే వెలుగు రంగు మారిపోతుంది.

“తెర మీద ఎవుడో ఒకడు తెల్ల పంచి కట్టుకుంటాడు కదా, దాన్నే సూడు. తెల్లగా ఉంటే ఆపరేటరు మంచోడు. పసుప్పచ్చగా ఉంటే ఓనరు పిసినారి, కడ్డీలు మిగులుస్తన్నాడని” అనేవాడు.

నేను వారం తిరక్కుండా ఆ మాటనే మంచి తెలుగులోకి మార్చి ప్లీడరు గారి అబ్బాయికి చెప్పేవాణ్ణి. మావ గురించి మాత్రం చెప్పలేదు. ఆయన ఖాకీ నిక్కరు వేసుకునేవాడు. వేళ్ల సందుల్లో కార్బన్ మసి ఎంత తోమినా పోయేది కాదు. మా గదికి రావద్దని నేనే ఒకసారి డొంకతిరుగుడుగా చెప్పాను, నాతో గదిలో ఉండేవాళ్లు చదువుకుంటూ ఉంటారని. ఆయన సరేనన్నాడు. అప్పట్నించి ఏదైనా పనుంటే వీధి చివర సోడా కొట్టువాడితో కబురు చేసేవాడు.

ఒక ఆదివారం చప్పట్లు కొట్టించలేదు. హాలు మధ్యలో బెంచీ మీద కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు. తెర మసకగా కనిపిస్తోందట, పొగ కమ్మినట్టు. రీలు ఎక్కించడానికి కళ్లక్కర్లేదు, వేళ్లకే తెలుసు. కడ్డీల మంట రంగు నల్ల అద్దం లోంచి దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దూరంగా ఉన్న తెర మీద బొమ్మ కుదిరిందో లేదో మాత్రం తెలియడం లేదు. ఆసుపత్రిలో చూపించుకుంటే రెండు కళ్లలోనూ పొర అన్నారు. అది ముదిరేదాకా కొయ్యకూడదు, ఏడాదో ఏడాదిన్నరో పడుతుందన్నారు.

“ఆ ఏడాదీ గడిసిపోతే సాలు. ఓనరుకి తెలిస్తే రేపే పంపించీస్తాడు. గుడ్డోణ్ణి ఏ హాలోడు పెట్టుకుంటాడు?”

అత్తకి చెప్పావా అని అడిగాను. అత్తకి చెప్తే గంటస్తంభం దగ్గర నిలబడి దండోరా వేసినట్టే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, నా చెయ్యి పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

అప్పుడు మేమిద్దరం ఆలోచించిందే పురికొస ఉపాయం. ఆపరేటరు గదికీ హాలుకీ మధ్య గోడలో మిషను వెలుగు వచ్చే కంతలు కాక చూసుకోవడానికి ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి పురికొస ఒకటి కిందికి వదిలి, వెనక వరస ఎడమ మూల కుర్చీ వెనక్కి దించాడు. పై కొస ఆయన ఎడమ చేతి చిటికెన వేలికి. రీళ్లు చుట్టే మనిషి పక్క గదిలో ఉండేవాడు, అతనికి తెలిస్తే ఓనరుకి తెలిసినట్టే కాబట్టి అతనికీ చెప్పలేదు. కింది కొసకి నేనొక ముడి వేశాను, చీకట్లో చేతికి తగలడానికి. ఆయన లెన్సు మెల్లగా తిప్పుతూ ఉంటాడు. బొమ్మ కుదరగానే నేను ఒకసారి లాగాలి. అంతే. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదని స్నేహితులకి నేను చెప్పిన సూత్రం వెనక అసలు కారణం అది. అక్కణ్ణించి తెర వంకరగా కనిపించే మాటా నిజమే అనుకోండి.

బొమ్మ మారిన రోజు మధ్యాహ్నం ఆటకి నేనొక్కణ్ణే వెళ్లేవాణ్ణి. ముందు వార్తా చిత్రం వేస్తారు, అప్పుడు దాదాపుగా కుదుర్చుకునేవాళ్లం. తర్వాత సెన్సారు సర్టిఫికెట్ పడుతుంది. అది మాకు అసలు పరీక్ష. జనం ఎన్ని రీళ్లో చూసి ఈలలు వేస్తుంటే, నేను అట్టడుగున ఉన్న సంతకం కేసి చూసేవాణ్ణి. సంతకంలో సిరా గీత సన్నగా తెగినట్టు కనబడితే పురికొస లాగేవాణ్ణి. మావ లెన్సు గొట్టం మీద మేకుతో గీత గీసుకునేవాడు. ఆ గీతలు పట్టుకుని మిగతా ఆటలన్నీ నడిపేసేవాడు. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. ఎవరికీ అనుమానం రాలేదు. పైగా ఈమధ్య పాత హాల్లో బొమ్మ అద్దంలా ఉంటోందని ఊళ్లో అనుకున్నారు.

ఆ దసరాకి ఒక పెద్ద రంగుల బొమ్మ రాబోతోంది. విజయనగరానికి ఒక్కటే ప్రింటు, ఒక్కటే హాలు. బెజవాడ నుంచి పంపిణీదారుల తాలూకు మనిషి వచ్చి, ఒకే రోజు పాత హాల్లో మధ్యాహ్నం ఆట, కొత్త హాల్లో సాయంత్రం ఆట చూసి ఎవరికివ్వాలో తేలుస్తాడని తెలిసింది. పాత హాలు ఓనరు ఎక్కడలేని ధైర్యం చేసి కొత్త లెన్సులు తెప్పించాడు.

ముందు రోజు సోడా కొట్టువాడు కబురు తెచ్చాడు. వీధి చివరికి వెళితే మావ నిలబడి ఉన్నాడు. రేపు మధ్యాహ్నమే కొత్త లెన్సులు బిగిస్తారట. పాత గీతలు దేనికీ పనికిరావు.

“నువ్వా మూల కుర్చీలో ఉంటే సాలు. ఇంకేటీ అక్కర్నేదు” అన్నాడు. “ఈ బొమ్మ మనకొస్తే, పొర ముదిరీదాకా ఓనరు నన్ను కదపడు. తప్పకండా వస్తావు కదేటి?”

“వస్తాను మావా” అన్నాను.

వెళ్లిపోతూ మళ్లీ వెనక్కి తిరిగి, అన్నం తిన్నావేటిరా అని అడిగాడు. ఆయనకి ఇంకేదో అడగాలని ఉండి అది అడిగాడనిపించింది.

మర్నాడు పొద్దున్న ప్లీడరు గారి అబ్బాయి పరుగున వచ్చాడు. ఆ బెజవాడ మనిషి వాళ్ల అక్కగారి అత్తవారి వైపు చుట్టమట. వాళ్లింట్లోనే దిగాడు. మా స్నేహితుడొకడున్నాడు, హాళ్ల సంగతి వాడికి తెలిసినట్టు ఎవరికీ తెలియదని మావాడు నా గురించి చెప్పేశాడు. భోజనానికి పిలిచారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఆ పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నిజంగానే శ్రద్ధగా అడిగాడు. నేను చెప్పాను. చప్పట్ల సంగతి, తెల్ల పంచె సంగతి, కొత్త హాల్లో మాట రెండుసార్లు వినబడే సంగతి. పాత హాలుకే ఇవ్వండి, వెలుగు కొంచెం తక్కువైనా బొమ్మ నిలకడగా ఉంటుంది అన్నాను. ఆయన తలూపాడు. ఈ వయసుకి ఇంత పరిశీలనా అన్నాడు. అప్పటికి నేను మావకి మేలే చేస్తున్నాననుకున్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

హాలుకి కార్లో వెళ్లాం. ఓనరు గేటు దాకా ఎదురొచ్చి, కుర్చీ తరగతిలో నడిమధ్యన, నేను భోజనాల దగ్గర చెప్పిన చోటే కూర్చోబెట్టాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. మూల కుర్చీ ఖాళీగా ఉంది. పురికొస గోడకి వేలాడుతోంది, తెలిసినవాడికి తప్ప కనబడదు. నేను లేచి, అక్కడ కూర్చుంటానన్నాను.

ప్లీడరు గారి అబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. “అదేంట్రా, ఆ కుర్చీలో కూర్చునేవాడికి సినిమా చూడ్డం రాదని చెప్పింది నువ్వే కదా?”

పెద్దాయన నవ్వాడు. ఓనరు కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వాడు. నేను కూర్చున్నాను.

నా జీవితంలో చేసిన చెడ్డ పని ఏదంటే అది అని చెప్పగలను. కూర్చోవడం. ఒక చిన్న అబద్ధం ఆడితే లేచి పోవచ్చు. కడుపులో తిప్పుతోందనో, తలుపు దగ్గర గాలి వస్తుందనో అనొచ్చు. పోనీ నిజమే చెప్పొచ్చు, ఆపరేటరు మా మావ అని. ఏదీ నోటికి రాలేదు. వాళ్ల మధ్య ఆ కుర్చీ అంత సుఖంగా ఉంది.

దీపాలు ఆర్పారు. వార్తా చిత్రం మొదలైంది. మొహాలన్నీ పిండిముద్దల్లా ఉన్నాయి. బొమ్మ మెల్లగా కుదురుకుంటూ వచ్చి, సరిగ్గా కుదిరి, ఆగకుండా దాటిపోయి మళ్లీ మసకబారింది. మళ్లీ వెనక్కి వచ్చింది. కుదిరింది. దాటిపోయింది. లాగే చెయ్యి కోసం మావ చూస్తున్నాడు. ఎక్కడ ఆపాలో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. ప్రతిసారీ కుదిరిన ఆ ఒక్క క్షణం నా కుడి చెయ్యి దానంతటది మూసుకునేది, ముడి పట్టుకున్నట్టు. నేల తరగతి వాళ్లు ముందు ఈలలు వేశారు, తర్వాత కాళ్లతో తొక్కారు. ఒరే ఆపరేటరూ, నిద్దరోతన్నావేటి అని ఎవడో అరిచాడు. ఆడవాళ్ల వైపు నుంచి కూడా నవ్వులు వినిపించాయి. సెన్సారు సర్టిఫికెట్ పడింది. అది ఒక తెల్ల మరక. సంతకం ఎక్కడుందో కూడా తెలియలేదు.

నా కుర్చీ నుంచి ఆ మూలకి పన్నెండు అడుగుల నడక. తర్వాత చాలాసార్లు వెళ్లి నడిచి లెక్కపెట్టాను.

పెద్దాయన నా వైపు వంగి, “ఏమయ్యా, నిలకడ అన్నావు. ఇదేనా?” అన్నాడు. కోపం లేదు. నిరాశగా అన్నాడు, ఒక తెలివైన కుర్రాణ్ణి చూసి పొరబడ్డాననుకున్నట్టు.

“మిషను మంచిదేనండి” అన్నాను. “ఆపరేటరు తాగి ఉంటాడు.”

ఆ మాట ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. లెన్సు బాగాలేదంటే నా తీర్పు తప్పవుతుంది. హాలు బాగాలేదన్నా అంతే. హాలు మంచిదై, లెన్సు మంచిదై, నా మాట మంచిదై, బొమ్మ మాత్రం చెడాలంటే మనిషే చెడ్డవాడు కావాలి. నా మాట నిలవడం కోసం మనిషిని వదిలేశాను.

ప్లీడరు గారి అబ్బాయి గట్టిగా నవ్వి, వెనక నిలబడ్డ ఓనరుకి ఆ మాట అందించాడు. ఓనరు మెట్లెక్కి పైకి వెళ్లాడు. బొమ్మ ఆగింది, దీపాలు వెలిగాయి. మిషను చప్పుడు లేకపోవడంతో పైన మాట్లాడేది చిన్న కిటికీలోంచి కుర్చీ తరగతి అంతటికీ వినిపించింది.

“తాగినావేటి?”

ఓనరు మళ్లీ అడిగాడు.

“ఔనండి. తాగినానండి.”

మావ గొంతు. మెల్లగా, లెక్క అప్పజెప్పినట్టు.

రీళ్లు చుట్టే మనిషి ఒక్క నిమిషంలో ఫోకస్ కుదిర్చాడు. తర్వాత బొమ్మ చక్కగా నడిచింది. గోనె గోడల మధ్య ప్రతి మాటా విడివిడిగా వినబడింది. పెద్దాయన ఇంటర్వెల్ లో లేచి, ఇటువంటి ఆపరేటరున్న చోట ప్రింటు పెట్టలేనని ఓనరుతో చెప్పి వెళ్లిపోయాడు. రంగుల బొమ్మ కొత్త హాలుకి వెళ్లింది. సాయంత్రానికి మావ ఉద్యోగం పోయింది. నోట్లో వాసనేమీ రాలేదని గేటు మనిషి తర్వాత ఎవరితోనో అన్నాడట. ఒప్పుకున్నవాడి నోరు ఎవరు వాసన చూస్తారు?

మూడు రోజులు నేను ఆ వైపు వెళ్లలేదు. నాలుగో రోజు వెళితే అత్త గుమ్మంలో కూర్చుని ఏడుస్తూ తిడుతోంది. ఇన్నేళ్లూ తనకి తెలియకుండా తాగాడే అన్నదే ఆవిడ బాధ. సరిగ్గా వచ్చావు, నువ్వూ రా, నీ ఎదట ఒట్టేయిస్తానంది. ముగ్గురం అమ్మవారి గుడికి నడిచాం. పూజారి కర్పూరం వెలిగించాడు. దక్షిణ ఇవ్వడానికి మావ చొక్కా జేబులో చెయ్యి పెట్టి డబ్బులు తీస్తే, వాటితో పాటు చిన్న పురికొస ఉండ బయటికి వచ్చింది. ఎక్కడా తెగలేదు. కొసన నేను వేసిన ముడి అలాగే ఉంది. ఆయన దాన్ని మళ్లీ జేబులోకి తోసుకుని, మంట మీద చెయ్యి పెట్టి, ఇకమీదట తాగనని ఒట్టేశాడు. ఎన్నడూ తాగనివాడు, మానేస్తానని ఒట్టు.

తిరిగి వచ్చేటప్పుడు అత్త ముందు నడిచింది. మావ నా పక్కకి వచ్చాడు.

“పురికొస తెగిపోనాదేటిరా, అల్లుడూ?”

ఆ ఉండని నేను చూశానని ఆయనకి తెలియదేమో అని చాలా ఏళ్లు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. తెలుసు. చూసే అడిగాడు. నాకు బయటపడడానికి ఒక దారి చూపించాడు.

“తెగిపోయింది మావా” అన్నాను.

“అదే అనుకున్నాను. పాతది కదా మరి.” వీధి మలుపు తిరిగాం. తర్వాత, నేను అడక్కుండానే అన్నాడు. “తాగుబోతుకి ఎక్కడో అక్కడ పని దొరుకుతాది. గుడ్డోడికి దొరకదు. ఓనరు అడగ్గానే, ఇదీ మంచిదే అనిపించినాది.”

ఆ మాట పట్టుకుని నేను కొన్నేళ్లు బతికాను. నేనన్న మాటే ఆయనకి అడ్డం పడిందని, లేకపోతే కళ్ల సంగతి ఆ రోజే బయటపడేదని సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. నేను పన్నెండు అడుగులు నడిచి ఉంటే ఆయనకి ఏ అడ్డమూ అవసరమయ్యేది కాదు.

పని దొరికింది. సాలూరు వైపు తిరిగే గుడారం సినిమాలో చేరాడు. లారీ డ్రైవర్లు, సంతకొచ్చిన వాళ్లు చూసే ఆటలు. ఒకే మిషను, రీలు రీలుకీ దీపాలు వెలిగించడం. తెర దగ్గరే కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాడు. మరో ఏడాదికి పొర ముదిరింది, ఊళ్లో కళ్ల శిబిరం పెడితే కోయించుకున్నాడు, మందపు అద్దాలు పెట్టాడు. ఆ తర్వాత ఆయన కుదిర్చినట్టు బొమ్మ ఎవరూ కుదర్చలేదని సాలూరు వాళ్లు ఇప్పటికీ చెబుతారు. విజయనగరం హాళ్లలో మాత్రం మళ్లీ ఎవరూ తీసుకోలేదు. కళ్లు బాగయ్యాయి గాని పేరు బాగవలేదు. నిజం చెప్పాలంటే పురికొస సంగతి చెప్పాలి, పురికొస సంగతి చెబితే ఆ రోజు కింది కొసన ఎవరు లేరో చెప్పాలి. ఆయన చెప్పలేదు. బంధువుల పెళ్లిళ్లలో మగవాళ్లు చాటుకి పిలిచి, మావకి ఒక గ్లాసు పొయ్యండ్రా, అత్త సూడకండా అని కన్ను గీటేవారు. ఆయన గ్లాసు తీసుకుని బోర్లించి పెట్టి నవ్వేవాడు. నేను ఆ చాపల మీదే కూర్చుని ఉండేవాణ్ణి.

నేను సైన్సు మేష్టారినయ్యాను. ఏటా పదో తరగతికి కటకాల పాఠం చెప్పాను. ప్రతిబింబం స్పష్టంగా ఏర్పడే చోటు ఒక్కటే ఉంటుందని, అటూ ఇటూ జరిపితే మసకబారుతుందని, కొవ్వొత్తి పెట్టి చూపించాను. ఆరేళ్ల కిందట మావ పోయాడు. అప్పటికీ చెప్పలేదు.

హాలు పడగొట్టిన రోజు టీ బడ్డీ దగ్గర కథ చెప్పింది ఆ ప్లీడరు గారి అబ్బాయే. ఇప్పుడు అతనే ప్లీడరు గారు. అతనికి ఈనాటికీ ఆ ఆపరేటరు నాకేమవుతాడో తెలియదు. చేత్తో బొమ్మ ఈత చూపించి, ‘మావాడు చీకట్లోనే కనిపెట్టేశాడయ్యా, తాగి ఉంటాడని’ అంటూ నా భుజం తట్టాడు. నేను నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగా పడుతున్న గోడ మీంచి గోనె గుడ్డ ఒకటి దుమ్ముతో ఊడి కింద పడింది. ఇంక అక్కడ నిలబడలేకపోయాను.

మర్నాడు అత్త దగ్గరికి వెళ్లాను. ఆవిడకి డెబ్బై దాటాయి. చాట ముందు పెట్టుకుని చోళ్లు చెరుగుతోంది. మొదట్నించీ చివరిదాకా చెప్పాను. కళ్ల సంగతి, పురికొస, మూల కుర్చీ, నేనన్న మాట, తెగిపోయిందన్న అబద్ధం. చాట ఆగిపోయింది. చాలాసేపు ఆవిడ నా మొహం చూడలేదు.

“ఏటా ఒట్టేసిన రోజుకి అమ్మోరికి కొబ్బరికాయ కొట్టినాను. మా ఆయన మల్లీ ముట్టుకోలేదు తల్లీ, అని” అంది. “ఆయనా పక్కనే నిలబడ్డాడు. ఆ కాయలన్నీ మరి దేనికి కొట్టినట్టురా?”

ఆవిడ చాటని పక్కకి జరిపింది.

“పోయీముందు బలానికని డాక్టరు సీసా ఒకటిచ్చినాడు. సారా వాసనొస్తన్నాదని నానే పారబోసినాను. ఒట్టుందని. ఆయన ఒక్కమాటనలేదు.”

అప్పుడు నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. క్షమించమని అడిగాను. ఆవిడ చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“నా కాడ ఏడిస్తే ఏటొస్తాది? నాను నవ్వలేదు కదా. నవ్వినోలున్నారు, ఆలకి సెప్పు. పెల్లిల్లలో గ్లాసు పట్టుకొచ్చినోలకి సెప్పు. ఆ ప్లీడరు బాబుకి ముందు సెప్పు.”

ప్లీడరు గారికి అదే సాయంత్రం చెప్పాను. ఆశ్చర్యపోయాడు, నొచ్చుకున్నాడు, పాత సంగతిలే అన్నాడు. తర్వాత నేను గేటు దాటకముందే పిలిచి, నిజంగా చిటికెన వేలికి దారం కట్టుకునేవాడా అని అడిగాడు. అతని మొహంలో చిన్న నవ్వు కనబడింది. ఆ కథని అతను ఇకనించీ ఇంకా బాగా చెబుతాడని అర్థమైంది. నోటిమాటతో అయ్యే పని కాదని అప్పుడే తెలిసింది. గ్లాసు పట్టుకొచ్చిన వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ల కోసం, వాళ్ల పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పాత హాలు ఆపరేటరు ఆ రోజు తాగలేదు. ఆయనకి కళ్లు కనబడక, నా మీద నమ్మకం పెట్టుకుని, నేను లాగవలసిన పురికొస కోసం చూస్తూ నిలబడ్డాడు. నేను లాగలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లి, రాస్తానని అత్తతో అన్నప్పుడు ఆవిడ ఒక్కటే మాట అంది. “అచ్చులో ఎయ్యించు. ఏసినాక పట్టుకొచ్చి సదువు. అందాకా రాకు.”

ఇన్నేళ్లలో ఆ ఇంటికి వెళ్లి అంబలి తాగకుండా వచ్చింది ఆ రెండు రోజులే. గిన్నె ఎదురుగా బోర్లించి ఉంది. ఆవిడ దాన్ని తియ్యలేదు, నేను అడగలేదు.